బ్రేకు పడతాదా నాయనా?

"తొక్కు!" కారు కింద నుంచి అరిచాడు సుబ్రమణ్యం.

భార్య జయంతి బ్రేకు పెడలు తొక్కింది.

"అట్లే పట్టుకో... ఇప్పుడు వదులు. మళ్లీ తొక్కు!"

పొద్దున్నుంచీ ఇదే వరస. చక్రం దగ్గర నట్టు వదులు చేసినప్పుడల్లా బ్రేకాయిలుతో పాటు గాలి బుడగలు వస్తున్నాయి. ఆ గాలంతా పోతే గానీ కొత్త బ్రేకులు పట్టవు. తండ్రి కాలం నాటి అంబాసిడర్‌కు పాత డ్రమ్ములు పీకేసి, మద్రాసు నుంచి తెప్పించిన డిస్క్ బ్రేకులు ఇంటి దగ్గరే, తన చేతులతోనే బిగిస్తున్నాడు. మెకానిక్ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతోంది.

రేపు కూతురు లోహితను తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంకా ఆలస్యమైతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పేశాడు. ఆ పిల్ల ఆటో చప్పుడు విన్నా వణికిపోతోంది.

"వేరే ఏ బండీ ఎక్కను నాయనా. మన కారుకు నువ్వే బ్రేకు బాగు చేసి, పడతాదని చెప్తే ఎక్కుతా" అంది.

నెల కిందట కాణిపాకంలో కారుకు పూజ చేయించుకుని వస్తుంటే, పల్లంలో బ్రేకు పడలేదు. కారు పోయి కల్వర్టు గోడను గుద్దింది. ఎడమ పక్క కూర్చున్న లోహిత కాలు రెండు చోట్ల విరిగింది. క్రేను వాళ్లు కారును ముక్కు పైకెత్తి ఇంటిదాకా ఈడ్చుకొచ్చారు. తలుపు సొట్ట ఇప్పటికీ అట్లాగే ఉంది. సుబ్రమణ్యం ధ్యాసంతా బ్రేకుల మీదే.

ఆ రోజు ఆస్పత్రికి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది కాశిం సాహెబే. ముప్పై ఏళ్లుగా ఆ కారును చూసే మెకానిక్ ఆయనే.

"పెడలు కిందికి దిగిపోయిందా అప్పా, గట్టిగా నిలబడిందా?" అని అడిగాడు.

"రాయి మాదిరి నిలబడింది. రెండు కాళ్లతో తొక్కినా దిగలా!"

"అయితే బ్రేకు పోలేదప్పా. పోయింటే పెడలు కిందికి పోవాల. మొన్ననే గదా సూసినా. కావాలంటే కాణిపాకానికి రా, కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తా."

బిడ్డ లోపల కేకలు పెడుతుంటే ఈయనకు తన పనితనం గొప్పలా? సుబ్రమణ్యం అందరి ముందూ కాశిం సాహెబ్ చెంప పగలగొట్టాడు. మరునాటి నుంచి వీధి చివర ఆయన షెడ్డు రేకుల తలుపు తెరుచుకోలేదు.

"బ్రేకులు మారిస్తే ఏమొస్తాది?" పెడలు తొక్కుతూనే గొణిగింది జయంతి. "మూడు కాయలు మొక్కుకుని, పసుపు కుంకుమ పెట్టి తీసకపోయి, రెండే కొట్టినాం. మూడోది యాడ మరిచినామో ఏమో. మొక్కు తప్పినాం కాబట్టే బిడ్డకు ఇట్లయింది."

"నోరు మూసుకుని తొక్కు! దీంట్లో దేవుడికేం పని? ఇది ఆ సాయిబు చేసిన పని."

సాయంత్రానికి గాలి పూర్తిగా పోయింది. వాకిట్లో కారును ముందుకీ వెనక్కీ మెల్లగా నడిపి చూశాడు. తొక్కిన చోట తొక్కినట్టు ఆగింది. సుబ్రమణ్యం స్టీరింగు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మరునాడు లోహితను ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. జయంతి వెనక ఎక్కింది.

"బ్రేకు పడతాదా నాయనా?"

"పడతాది తల్లీ. నా పానం పెట్టి చేసినా."

కారు వాకిలి దాటి, పల్లంగా ఉన్న వీధిలోకి దిగింది. సగం దూరం పోయాక బ్రేకు తొక్కాడు.

పెడలు దిగలేదు.

మళ్లీ తొక్కాడు. రాయి. అదే రాయి! లోహిత కెవ్వుమంది. హ్యాండ్ బ్రేకు లాగాడు. కారు ఈడ్చుకుంటూ పోయి వీధి చివర రేకుల తలుపును గుద్ది ఆగింది.

దెబ్బలేమీ తగల్లేదు. లోహిత మాత్రం చేతుల్లో మొహం దాచుకుంది.

"పడతాదని చెప్తివే నాయనా..."

సుబ్రమణ్యం తలను స్టీరింగుకేసి కొట్టుకున్నాడు. చేయగలిగిందంతా చేశాడు. మార్చడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

సొట్టపడిన షెడ్డు తలుపు తోసుకుని లోపలి నుంచి కాశిం సాహెబ్ లుంగీ ఎగగట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ముందు పిల్లను చూశాడు. కాలు తడిమి చూసి "ఏం కాలేదమ్మా" అన్నాడు. తరవాత ఇటు తిరిగొచ్చి డ్రైవరు పక్క తలుపు తీశాడు. సుబ్రమణ్యం మొహంలోకి చూడలేదు.

"కాలు తియ్యప్పా" అన్నాడు.

వంగి పెడలు కింద చెయ్యి పెట్టి, అటూ ఇటూ రెండుసార్లు తిప్పి బయటికి లాగాడు, పసుపు ఎండిపోయి, కుంకుమ బొట్టు సగం చెరిగిన మూడో కొబ్బరికాయను.