తొందరపడితే

కాలేజీ బ్యాండు రోజుల మీద యుగంధర్ రాసిన రాక్ పాట ఆ రాత్రే విడుదల. ముందుగా విన్న ఝాన్సీ ఫోన్ చేసింది. నిరుడు సముద్రంలో మునిగి చనిపోయిన ఆ బ్యాండు డ్రమ్మర్ పృథ్వీరాజ్‌కు ఆమె చెల్లెలు.

“యుగంధరన్నా, పాట ఇన్నాను. ఏడుపొచ్చేసింది. మజ్జలో ఆ టక్కు టక్కు ఏటి?”

“గిటారు, నా గొంతు తప్ప ఏటీ నేదమ్మా.”

ఫోన్ పెట్టేసి, బయటి చప్పుడు రాకుండా గోడలకు ఖద్దరు దుప్పట్లు కట్టిన రికార్డింగు గదిలో, కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. చరణంలో తన గొంతు ఎప్పటిలాగే పరుగెత్తింది. వెంటనే టక్కు, టక్కు. గొంతు నెమ్మదించి తాళంలో పడింది. తను తొందరపడినప్పుడల్లా పృథ్వీ వెనక నుంచి కుర్చీ మీద స్టిక్కుతో అలాగే కొట్టేవాడు.

పాట ఆపేసి హెడ్‌ఫోన్స్ తీశాడు. చప్పుడు లేదు. గుండె మాత్రం తాళం తప్పి పరుగెడుతోంది.

కుర్చీ వెనక, నెమ్మదించమన్నట్టు, టక్కు... టక్కు...