అట్ ది రేట్

“ఇవాళ బడి లేదాండీ?” అన్నాడు నీళ్ల ల్యాబ్ గుమాస్తా అప్పారావు.

“ఉందండీ. ఈ వారం పిల్లలు పలచగా వస్తున్నారు, అందుకే ఏలూరు రాగలిగాను,” అంది కొల్లేటి లంకలో టీచరైన గ్రేస్. “మా బడి బోరు నీళ్ల రిపోర్టు ఫైల్లోకి కావాలండీ.”

“నాలుగుసార్లు మెయిల్ చేశానండీ. ఒక్కసారీ వెళ్లలేదు.”

ఆమె కంప్యూటర్ వైపు వంగింది. తన అడ్రసు మధ్యలో ‘అట్ ది రేట్’ అని అక్షరాలే ఉన్నాయి.

“అది గుర్తండీ, అక్షరాలు కాదు.”

“ఫోన్లో మీరు చెప్పినట్టే కొట్టానండీ.”

గ్రేస్ నవ్వి సరిచేసింది. ఈసారి మెయిల్ వెళ్లింది.

“అయినా అన్నిసార్లు ఎందుకండీ?”

“ఆ నీళ్లు తాగకూడదండీ.”

“చెడ్డవైతేనే మెయిల్ చేస్తామన్నారు. రాలేదని, సోమవారం నుంచి పిల్లలకు అవే...”

గ్రేస్ సంచిలోంచి హాజరుపట్టీ తీసి, సోమవారం తర్వాత రానివాళ్ల పేర్లు వెతకసాగింది.