పాత ధర బోర్డు

కొత్త గేమ్ కన్సోల్ విడుదలైన రోజే మా కొట్లో కొన్న లెక్కల మాస్టారు, నెల తిరగకముందే కంపెనీ దాని ధర సగానికి దించిందని తెలిసి పరుగున వచ్చారు.

గొడవకొచ్చారనుకుని, "ధర నా చేతిలో లేదండీ" అన్నాను.

"అది కాదయ్యా! మా బామ్మర్ది ఇటే వస్తున్నాడు. 'ఆగు బావా, తగ్గుతుంది' అని వాడు అప్పుడే మొత్తుకున్నాడు. తగ్గితే మీసం తీయించుకుంటానన్నాను. కాసేపు పాత ధర బోర్డే పెట్టు."

పెట్టాను.

బామ్మర్ది వచ్చి బోర్డు చూశాడు. తర్వాత బావ మీసం చూశాడు.

"తగ్గనే లేదే! నువ్వే గెలిచావు బావా. ఇంక ఆగడం దండగ. నాకూ ఒకటివ్వండి" అని పాత ధర మొత్తం కట్టేశాడు.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూసి, గబగబా బయటికి నడిచారు.

బామ్మర్ది గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"తగ్గిందని పేపర్లో చూసే వచ్చానండీ. ఎక్కువ కట్టిన డబ్బుకి గేములు తీసి మా బావకి పంపండి. ముందు కొన్నవాళ్లకి కంపెనీ ఊరికే ఇస్తోందని చెప్పండి. మీసం లేని ఆ మొహాన్ని మా అక్క రోజూ చూడాలి కదా!"