ఎడమ చెయ్యి

"మిలిటరోళ్ళు సూదులు పట్టుకొని ఊకెనే వచ్చిన్రా? గా మందు ఎక్కితే మన పోరగాండ్లకు పిల్లలు పుట్టరు. జబ్బ మీద మచ్చ జూసి రేపు ఒక్కొక్కన్ని ఏరుకపోతరు. ఎవ్వడు గూడ అంగి చెయ్యి పైకి మడవద్దు!"

తార్నాక చౌరస్తాలో రాజలింగం పిడికిలెత్తి అరిచాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓ హాస్టల్‌కు మెస్ కాంట్రాక్టరు ఆయన. రోళ్ళు పగిలే ఎండలో, మణికట్టు దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కాలో చెమటలు కక్కుతూ మాట్లాడుతుంటే జనం నోళ్ళు తెరిచి విన్నారు. వినరా మరి? కర్ఫ్యూ రోజుల్లో అదే మిలిటరీ ఆ చౌరస్తా వెనక గల్లీలో లాఠీలు తిప్పింది. ఇప్పుడు అదే జీపులో మశూచి టీకాలు తెచ్చింది. కొట్టిన చెయ్యే మందు పెడతానంటే ఎవరికి నమ్మకం?

జీపు పక్కన లచ్చవ్వ నిలబడి ఉంది. భుజాన తడిగుడ్డ, చేతిలో నీళ్ళ బకెట్టు. టీకా వేసే ముందు జబ్బలు తుడవడానికి మనిషి కావాలని డాక్టరమ్మ రాజేశ్వరి అడిగితే, గల్లీ మొత్తంలో ముందుకొచ్చింది ఆమె ఒక్కతే.

పక్కింటి రాములమ్మ కాండ్రించి ఉమ్మింది. "కన్నకొడుకును సంపినోళ్ళకే ఊడిగం జేస్తున్నవా? సిగ్గులేదే నీకు?"

"చేస్తున్న" అంది లచ్చవ్వ, గుడ్డను బకెట్లో ముంచుతూ.

ఆ కొడుకు ఇన్నయ్య. రాజలింగం నడిపే ఆ హాస్టల్ మెస్‌లోనే వడ్డించేవాడు. కబడ్డీలో ముందుపన్ను పోగొట్టుకుని, ఆ సందులోంచి ఈల వేసుకుంటూ గల్లీలోకి వచ్చేవాడు. ఆ ఈల వినబడ్డాకే లచ్చవ్వ పెనం మీద రొట్టె వేసేది. మెస్ బియ్యం ఎటో పోతున్నాయని, స్టూడెంట్లకు చెప్పేస్తానని ఎప్పుడూ గొణిగేవాడు. "నీకెందుకురా" అని ఆమె కసిరేది. అంతలో కర్ఫ్యూ వచ్చిపడింది. బియ్యం సంగతి ఎవరికి గుర్తు? మర్నాడు పొద్దున ఇన్నయ్య క్యాంపస్ తుప్పల్లో తల పగిలి పడి ఉన్నాడు.

శవాన్ని ఇంటికి మోసుకొచ్చింది రాజలింగమే. పాడె పట్టిందీ, "మిలిటరీ డౌన్ డౌన్" అని అందరికన్నా ముందు అరిచిందీ ఆయనే. లచ్చవ్వ మాత్రం ఏడవలేదు. కొడుకు మొహం తానే కడిగింది, నోరు తానే కడిగింది. కడుగుతూ కడుగుతూ చెయ్యి ఆపింది. అప్పుడేం చూసిందో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు దుఃఖం కన్నా పగ ముందు వచ్చింది.

"వాని పానం తీసినోని చెయ్యి నా చేతుల పడాలె. అందాక నేను సావ" అని మాత్రం అంది.

అందుకే వచ్చింది జీపు దగ్గరికి. జనానికి ధైర్యం రావాలని డాక్టరమ్మ ముందు జవాన్లకే టీకాలు వేసింది. వాళ్ళు చొక్కాలు విప్పి వరసగా నిలబడ్డారు. లచ్చవ్వ ఒక్కొక్కరినీ పట్టి పట్టి చూస్తూ తుడిచింది. ఒక చెయ్యి చాలమ్మా అంటే వినదు, రెండూ తుడుస్తుంది. "అరే మాయీ, తోలు ఊడొస్తుంది" అన్నట్టు ఒక జవాను హిందీలో మొత్తుకున్నాడు. చివరివాడు కూడా అయిపోయేసరికి ఆమె మొహం మాడిపోయింది.

"గీళ్ళేనా డాక్టరమ్మా? ఇంక లేరా?"

"ఈ పక్క డ్యూటీ చేసినవాళ్ళంతా వీళ్ళే లచ్చవ్వా. ఎవరైనా కావాలా?"

లచ్చవ్వ పళ్ళు నూరి, గుడ్డ పిండుకుంది.

ఆ వారమే అంబర్‌పేటలో అమ్మవారు పోసి ఇద్దరు పసిపిల్లలు పోయారు. ఇక్కడ గల్లీ వణికింది. సూదంటే భయమే గానీ అమ్మవారంటే అంతకన్నా భయం. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని రాజలింగం ఇంటి ముందు పోగయ్యారు.

"వద్దన్నది నువ్వే పటేలా. ముందుగాల నువ్వే ఏయించుకో" అంది రాములమ్మ. "నీకేం గాకుంటె మా పిల్లలకు గూడ ఏయిస్తం."

రాజలింగం జ్వరమన్నాడు. రేపన్నాడు. చౌరస్తాలో అరిచినంత తేలికా ఇది! జనం వదల్లేదు. జీపు దాకా నడిపించుకొచ్చారు. చేసేది లేక ఆయన కుడిచేతి గుండీ తీసి, చొక్కా మడిచి, జబ్బ చాపాడు.

"కుడిది కాదు పటేలా" అంది లచ్చవ్వ. "సూది పొంగితే బువ్వెట్ల తింటవ్? అందరికి ఎడమదే."

"ఎడమది నొస్తున్నది."

"మెల్లగనే తుడుస్త తియ్."

జనం నవ్వారు. ఇంత మనిషికి సూదంటే ఇంత భయమా అని ఒకడు ఆయన్ను వెనక నుంచి పట్టుకున్నాడు. ఇంకొకడు నవ్వుతూనే ఎడమచేతి గుండీ తీసి చొక్కా పైకి తోశాడు. లచ్చవ్వ తడిగుడ్డ పెట్టి ఒక్కసారి తుడిచింది. మరుక్షణం గుడ్డ నేల మీద పడింది. రెండు చేతులతో ఆ జబ్బను ఉడుంపట్టు పట్టింది.

"జవాన్లూ! ఇటు రాండ్రి! జల్ది రాండ్రి!" అని గల్లీ అదిరేలా కేకేసింది.

రాజలింగం ఎడమ మోచేతికి కాస్త పైన, మానిన పంటిగాట్లు వరసగా ఉన్నాయి, నడుమ ఒక్క ముందుపన్ను సందు వదిలి.