అనుమతి అడిగే పొయ్యి

ఆదివారం పొద్దున్నే, కొత్త కొత్తవి కనిపెట్టే సొంత బుర్ర సంఘం వాళ్లు తణుకులో సత్యవేణి ఇంటి వరండాలో చేరి, గాలిమరల గురించి గంటసేపు కీచులాడుకున్నారు. ఆమె భర్త సూర్యారావు కూడా ఆ సంఘంలో మనిషే. టీ మాత్రం ఇంకా రాలేదు.

"పొయ్యి వెలగట్లేదు అన్నయ్యగారూ," అంది సత్యవేణి, గుమ్మంలోంచి ఆ సంఘంలోని వీరభద్రాన్నే చూస్తూ. "గంజి పోసి గోబర్ గ్యాసు తియ్యడం మీ పద్ధతంట. మీ అనుమతి కావాలంటోంది."

వీరభద్రం తలెత్తలేదు. కిందటి నెల గ్యాసు అంత బాగా ఎలా వస్తోందని అతను అడిగితే, పేడ తొట్టిలో రోజూ గంజి పోస్తానని ఆమే చెప్పింది. ఆ సాయంత్రమే అతను పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజుల్లో పేటెంటు నిమిషంలో వస్తుంది, ఊళ్లో పొయ్యిలన్నీ దాని మాటే వింటాయి.

"ఫోన్లో వేలిముద్ర వేసేస్తాను చెల్లెమ్మా. ఈమాత్రం దానికి గొడవెందుకు?"

"నా పొయ్యి వెలగడానికి మీ వేలు నాకక్కర్లేదు. టీ ఇస్తాను. తాగేసి, మళ్లీ ఈ గుమ్మం ఎక్కకండి."

ఆమె వాకిట్లో మూడు ఇటుకలు ఏటవాలుగా పేర్చి కొబ్బరి మట్టలు అంటించింది. పొగ లేకుండా మంట నిటారుగా లేచింది. సంఘమంతా ఆ ఇటుకల వైపే చూసింది.

ముందుగా ఫోను తీసినవాడు సూర్యారావు. "వీళ్లకంటే ముందే దీని పేటెంటు మన పేరున పెట్టేస్తానే," అన్నాడు గుసగుసగా.

సత్యవేణి మండుతున్న మట్టనొకదాన్ని బయటికి లాగింది.

"మన పేరంటే ఎవరి పేరండీ?"