తాళంచెవి లేకుండా

"కొట్టన్నా సెల్ఫు!" బానెట్‌లో తల దూర్చి అరిచాడు మేస్త్రీ.

డ్రైవర్ తాళంచెవి తిప్పాడు. వ్యాను ఉలకలేదు, పలకలేదు.

"మళ్లీ."

మళ్లీ అంతే.

అది పాత డీజిల్ వ్యాను. వయసులో మేస్త్రీ కంటే చిన్నదే, మొండితనంలో మాత్రం తాతమ్మ. దాన్ని లొంగదీయగలిగినవాడు ఆ ఆవరణ మొత్తానికి మేస్త్రీ ఒక్కడే. మామూలు రోజైతే దాన్ని తిట్టుకుంటూ, బుజ్జగించుకుంటూ హాయిగా పొద్దు గడిపేవాడు. ఇవాళ మాత్రం మాటిమాటికీ పొద్దు ఎంత ఎక్కిందో చూసుకుంటున్నాడు.

ఊరికి ఆ చివర ఆసుపత్రిలో మధ్యాహ్నం అక్కకు ఆపరేషన్. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. గుండె బలహీనంగా ఉంది, ఏ మాటా ఇవ్వలేమన్నారు డాక్టర్లు. "తమ్ముణ్ణి ఒక్కసారి చూశాకే నన్ను లోపలికి తీసుకెళ్లండి" అని పట్టుబట్టిందట. ఇన్నేళ్లూ తనే వచ్చి చూసి వెళ్లేది. అతనికి వెళ్లే వీలెక్కడిది?

కాళ్లావేళ్లా పడితే పెద్దసారు అనుమతి ఇచ్చాడు. ఇవాళ ఒక్కరోజే. చీకటి పడేలోగా వచ్చేయాలి. వెళ్లడమూ రావడమూ ఈ వ్యానులోనే. "బండి కదిలితే వెళ్తావు, లేకపోతే లేదు. నా చేతిలో ఉన్నది అంతే" అని ముందే చెప్పేశాడు. చెడ్డవాడు కాదు పెద్దసారు. కానీ రూలంటే రూలే, దేవుడు దిగివచ్చి అడిగినా సరే.

నడిచైనా పోయేవాడే మేస్త్రీ. కానీ అక్కడ ఎవరి ఇష్టాన వాళ్లు బయటికి పోయేది లేదు.

"బ్యాటరీ చచ్చిందంటావా?" డ్రైవర్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"హారన్ కొట్టు."

చెవులు చిల్లులు పడేలా మోగింది. అవతల షెడ్డులో కుట్టుమిషన్లు క్షణంపాటు ఆగాయి.

"నీ గొంతంత గట్టిగా ఉంది బ్యాటరీ. హెడ్‌లైట్లు వేసి, అప్పుడు తిప్పు."

తాళంచెవి తిప్పినా లైట్ల వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. అంటే సెల్ఫ్ మోటారు కరెంటు తాగడమే లేదు. మేస్త్రీ లావు వైర్లు లాగి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడి గీకి, మళ్లీ బిగించాడు. ఊహూఁ.

మోటారైనా పోయి ఉండాలి, లేదా తాళం దగ్గర్నుంచి మోటారుకు వచ్చే సన్నవైరైనా తెగి ఉండాలి. తనే కూర్చుని తాళంచెవి తిప్పితే సగం రోగం చేతికే తెలిసిపోయేది. కానీ తాళంచెవి డ్రైవర్ చెయ్యి దాటదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆ బండిలో ప్రతి నట్టూ విప్పి బిగించాడు గానీ, ఒక్కసారి కూడా స్టీరింగ్ ముందు కూర్చోలేదు. చెవులతో వైద్యం చేయడమే అలవాటైపోయింది.

"పోనీ, తోసి చూద్దామా?" అన్నాడు డ్రైవర్.

"ఎటు తోస్తావన్నా? నాలుగడుగులేస్తే గోడ. గేటు తీసిపెట్టమంటే పెద్దసారు మనల్నే తోస్తాడు."

ఎండ బానెట్ మీదికి ఎక్కింది. ఈపాటికి అక్కను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఉంటారు. గుమ్మం వైపే చూస్తుంటుంది పిచ్చిది. మేస్త్రీకి ఏడుపొచ్చింది. మోచేత్తో కళ్లు తుడుచుకుంటే మొహాన గ్రీజు మిగిలింది.

"ఇంక ఒకటే దారి. డైరెక్ట్ కొట్టాలి."

డ్రైవర్ మొహం మారిపోయింది. "అది మాత్రం నా ముందు వద్దు బాబూ, నా ఉద్యోగం పోతుంది. పెద్దసారు ఉండాల్సిందే."

పెద్దసారు వచ్చాడు. మేస్త్రీ విడమరచి చెప్పాడు. మోటారు మీద లావు వైరు బోల్టు ఒకటి, సన్నవైరు బోల్టు ఒకటి ఉంటాయి. వాటికి అడ్డంగా స్క్రూడ్రైవర్ ఆనిస్తే కరెంటు సూటిగా లోపలికి పోతుంది. మోటారు మంచిదైతే తిరుగుతుంది.

"అంటే, తాళంచెవి లేకుండానే స్టార్టవుతుందా?"

"పాత డీజిల్ బండి కదా సార్. ఒకసారి అందుకుందంటే దానికి తాళంచెవితో పనే లేదు."

"ఈ సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ సార్."

పెద్దసారు అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. గోడకున్న పలక మీద ప్రతి పనిముట్టుకూ ఎర్రరంగుతో దాని ఆకారం గీసి ఉంది, ఏది తీసినా ఖాళీ కనబడేలా. అందులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తనే తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"కానివ్వు."

"న్యూట్రల్‌లో పెట్టన్నా!"

నిప్పురవ్వలు చిమ్మాయి. మోటారు గిర్రున తిరిగింది. ఇంజను దగ్గి, నల్లపొగ కక్కి, అందుకుంది.

"మోటారు బంగారం సార్! సన్నవైరే తెగింది. తిరిగొచ్చాక మార్చేస్తా. దారిలో మాత్రం బండి ఆపొద్దు."

"ఆగిపోతే?"

"నేనుంటా కదా సార్."

పెద్దసారుకు నవ్వాగలేదు. "సరేలే, ముందు చేతులు కడుక్కో. ఆ గ్రీజుతోనే అక్కను పట్టుకుంటావా?"

మేస్త్రీ స్క్రూడ్రైవర్‌ను దాని ఆకారం మీదే తగిలించాడు. గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

వ్యాను వెనక తలుపు దగ్గరికి వచ్చి, తళతళలాడుతున్న ఆ చేతులు రెండూ పక్కపక్కనే ముందుకు చాపాడు, పెద్దసారు బేడీలు వేశాడు.