మితిమీరిన స్వేచ్ఛపై ఉపన్యాసం

మా పక్కింటి ప్లీడరుగారు ఆదివారం సభలో "జనానికి స్వేచ్ఛ మితిమీరింది" అని ఉపన్యసించాలి. ఆయన చెబుతుంటే భార్య రాసిపెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. రాసింది ముందుగా చదువుకోవడం ఆయనకు నామోషీ. (నేనూ పరీక్షల్లో ప్రశ్న చదవకుండానే జవాబు రాసేవాణ్ణి. నా చదువు అందుకే అక్కడాగింది.)

"ఏమండీ, రేపు సోమవారం మా అక్కకు ఆపరేషన్. వారం రోజులు తోడుండి వస్తాను," అంది ఆవిడ, కలం ఆపకుండానే.

"ఇదిగో, నేను మొత్తుకునేది ఇదే! ఎవరికి బుద్ధి పుట్టినప్పుడు వాళ్ళు బయల్దేరడమే! అది రాయి."

"రాశానండీ. మరి అక్క?"

"నాకు కాఫీ ఎవరు పెడతారే? ముందు ముగింపు కానీ."

ఆవిడ ముగింపు రాసింది.

సభలో ప్లీడరుగారు బల్ల గుద్ది మరీ స్వేచ్ఛను చీల్చి చెండాడారు. ఆఖరి పేజీ తిప్పి, అదే ఊపులో చదివేశారు: "అయ్యా, అందరికంటే నాకే స్వేచ్ఛ మితిమీరింది! అందుకే తగ్గించుకుంటున్నాను. నా భార్య ఇప్పుడే వాళ్ళక్క దగ్గరికి బయల్దేరుతోంది. వారం రోజులు నా కాఫీ నేనే పెట్టుకుంటాను!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆడవాళ్ళయితే లేచి నిలబడ్డారు.

"ఇంత గొప్ప ముగింపు ఎలా తట్టిందండీ?" అన్నాను, అధ్యక్షుణ్ణి కనుక.

"నా ఉపన్యాసం నాకు కాక ఇంకెవరికి తడుతుందయ్యా!" అన్నారాయన, మొదటి వరుసలో అప్పుడే ఖాళీ అయిన కుర్చీకేసి చూస్తూ.